అవతలి వీధి కాయితం

"తల ఇంకొంచెం వెనక్కి వంచన్నా. కన్ను మూయకు."

"నేను మూయట్లేదే. అదే మూసుకుంటోంది."

పిట్ట ఎడమచేతి వేలితో అన్న కింది రెప్పను లాగి పట్టుకుని, మందుసీసాను బోర్లించి నొక్కింది. మొదటి చుక్క చెంప మీదకి జారింది. రెండోది సరిగ్గా కంట్లో పడింది. అన్న పళ్ళు బిగబట్టి, కుర్చీ చేతులు పట్టుకుని, మడమతో నేలను టపటపా కొట్టాడు. రోజుకి నాలుగుసార్లు వేయాలి ఆ చుక్కలు. పదకొండు రోజులుగా వేస్తున్నా మొదటి చుక్క ఎప్పుడూ చెంపకే పోతోంది.

పిట్ట అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు. నెలలు నిండకుండానే పుట్టి, రెండు అరచేతుల్లో ఇమిడిపోయిందని నాన్న పెట్టిన పిలుపు అది. పంతొమ్మిదేళ్ళు వచ్చినా ఇంట్లో పిట్టే, వీధిలోనూ పిట్టే. నాన్న కటింగు మాస్టరు. ఇంటి ముందుగదే దుకాణం. అందులో రెండు కుట్టుమిషన్లు, ఒక పొడుగాటి బల్ల. ఒక మిషను నాన్నది. రెండోది అన్నది. పదకొండు రోజులుగా దాని మీద గుడ్డ కప్పి ఉంది.

అన్న కుట్టిన కాలరు ఎన్ని ఉతుకులకైనా నిలబడేది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించబోతే సూదికి రెండు బెజ్జాలు కనిపిస్తున్నాయట. చూపు వస్తుందో రాదో నెల దాటితే గాని చెప్పలేనన్నాడు డాక్టరు. బాగున్న కన్ను కూడా దీనికి తోడుగా నీళ్ళు కారుస్తోంది.

"ఐదింటికి బుల్లెట్టు వస్తానన్నాడు," అన్నాడు అన్న, మొహం తుడుచుకుంటూ.

పిట్ట సీసా మూత బిగిస్తూ ఆగింది. "ఎందుకు?"

"ఎందుకంటావేంటి? పదకొండు రోజులు ఓపిక పట్టాం. చాలదా?"

"రాయి ఎవరు విసిరారో నీకు తెలీదు కదా."

"తెలీకపోతే ఏం? ఆ వీధివాడైతే చాలు."

వంటగదిలోంచి అమ్మ గొంతు వచ్చింది. "ఆ వెళ్ళండి, వెళ్ళండి. కన్ను ఒకటే అయింది. కాళ్ళూ చేతులూ కూడా అప్పజెప్పి రండి. మంచం మీద పడితే చేయడానికి నేనున్నాగా!"

నాన్న మిషను వేగం పెంచింది. ఆయన కోపం ఎప్పుడూ కాళ్ళలోనే ఉంటుంది.

పిట్ట వాళ్ళది ఎగువ వీధి. దానికీ దిగువ వీధికీ మధ్య ఒక మురుగుకాలువ, దాని మీద నాలుగడుగుల వంతెన. ఆరునెలల క్రితం అన్న స్నేహితుడు బుల్లెట్టు వంతెన మీద నిలిపిన బండి అద్దం పగిలింది. పగలగొట్టింది ఎవరో తేలలేదు. అప్పట్నుంచీ వారానికో తల పగులుతూనే ఉంది. వీధి చివరి ఆసుపత్రిలో కుట్లు వేసి వేసి విసిగిపోయిన నర్సక్క ఒకరోజు, కట్టు మార్పించుకునేవాళ్ళకి తోడు వచ్చిన పిల్లలందర్నీ వరండాలో కూర్చోబెట్టింది. "మీ అన్నదమ్ముల తలలు కుట్టడానికి నాకు చేతుల్లో ఓపిక లేదు. మీకేమైనా చేతనవుతుందా, చేతకాదా?" అని అడిగింది. ఆ అడిగిన తీరుకి ఆరుగురు మిగిలారు. ఈ వీధి నుంచి పిట్టతో కలిపి ముగ్గురు, ఆ వీధి నుంచి ముగ్గురు.

వాళ్ళ పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. గొడవలో ఉన్నవాడు ఏం చెప్పినా మధ్యలో ఆపకుండా వింటారు. వాడి మాటల్లోనే రాస్తారు. చదివి వినిపించి, "ఇదేనా నువ్వన్నది?" అని అడుగుతారు. ఇరుపక్షాలూ సరేనన్న రోజున ఆసుపత్రి వరండాలో ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరిది ఒకరికి వినిపించి, కాయితాలు చించేస్తారు. ఎవర్నీ క్షమించమనరు. ఎవరిది తప్పో తేల్చరు. ఎక్కడైనా కర్రలు లేస్తున్నాయంటే ఈ వీధివాళ్ళొకరు, ఆ వీధివాళ్ళొకరు జంటగా వెళ్ళి మధ్యలో నిలబడతారు. వీధి కుర్రాళ్ళు వీళ్ళకి 'కాయితం బ్యాచ్' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే వచ్చి రాయించుకున్నారు కూడా. ఏడు జతల కాయితాలు చిరిగాయి.

ఇందులో వాళ్ళే పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. దిగువ వీధి వాళ్ళ కాయితం ఎగువ వీధిలో దాచాలి, ఎగువ వీధి వాళ్ళది దిగువ వీధిలో. నా మాట నీ ఇంట్లో ఉంది, నీ మాట నా ఇంట్లో ఉంది కాబట్టి ఇద్దరం జాగ్రత్తగా ఉంటామని వాళ్ళ ఆలోచన. దాచే వంతు వరసగా మారుతుంది.

రాయి తగిలిన నాలుగో రోజున దిగువ వీధి వెల్డరు తనంతట తానే వచ్చి రాయించుకున్నాడు. ఆరోజు వంతు పిట్టది. మార్చమని అడగొచ్చు. అడిగితే తన అన్న మీద తనకే నమ్మకం లేదని చెప్పుకున్నట్టవుతుందని నోరు మెదపలేదు. మిగతావాళ్ళకీ తట్టలేదు, లేదా తట్టినా ఇదే కదా అసలు పరీక్ష అని మురిసిపోయి ఊరుకున్నారు. అలా రాయి విసిరినవాడి కాయితం రాయి తగిలినవాడి ఇంటికే చేరింది. బడి యూనిఫారాలు కత్తిరించడానికి వాడే ఖాకీ కాయితం నమూనాల కట్టలో దాచింది పిట్ట. బడులు తెరిచేదాకా దాన్ని ఎవరూ విప్పరు.

ఎవరూ విప్పరనుకుంది. చుక్కలు వేయించుకున్న కాసేపటికి, కళ్ళతో చేసే పనేదీ లేక అన్నకి ఒళ్ళంతా జెర్రులు పాకుతున్నట్టుంది. కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్ళీ లేచి, చివరికి అలమర కింద అరలోని నమూనాల కట్టలన్నీ నేల మీద పరిచాడు. చేతులకి దొరికిన పని అది. జేబులు ఒకవైపు, చొక్కా చేతులు ఒకవైపు తడిమి వేరుచేస్తున్నాడు. పిట్ట గుమ్మం దగ్గర కూర్చుని చొక్కాల గుండీలకి కాజాలు కుడుతోంది. వద్దంటే అనుమానం వస్తుంది. ఊరుకుంటే ఆ ఖాకీ కట్ట అన్న చేతికి దగ్గరపడుతోంది. రెండు కాజాలు వంకరపోయాయి.

"ఇదేంటి, తెల్లగా ఉంది?"

ఆమె తలెత్తేసరికి కాయితం అన్న వేళ్ళ మధ్య ఉంది. మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. నీళ్ళు కారుతున్న కన్ను తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఈ వాలు నీ రాతదే కదూ? మీ బ్యాచ్ కాయితమా?"

పిట్ట లేచి నిలబడింది. అబద్ధం చెప్పాలనుకునేలోపే ఆమె మొహం నిజం చెప్పేసింది.

"ఎవరిది?" అన్నాడు అన్న. తర్వాత గొంతు తగ్గించి, "నాదేనా? నా కన్ను సంగతేనా?"

"నువ్వది చదవకూడదన్నా. చెప్పినవాళ్ళు ఒప్పుకుంటేనే..."

"అంటే నీకు తెలుసు." అన్న నవ్వాడు. బాగున్న నవ్వు కాదది. "పదకొండు రోజులు నా కంట్లో మందు వేస్తూ కూర్చున్నావు. ఎవడు చేశాడో తెలిసి! చదువు."

"చదవను."

"నాన్నా, ఇదిగో, నువ్వు చదువు."

నాన్న మిషను ఆపకుండానే చెయ్యి అడ్డంగా ఊపాడు. "నాకొద్దు. ఒకడు నమ్మి ఇచ్చింది నేనెందుకు చదవాలి? మనకెందుకొచ్చిన గొడవ!"

"మనకెందుకా? కన్ను పోయింది మనకి కాదా?" అన్న కాయితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఒరేయ్ బుల్లెట్టూ, పేరు దొరికిందిరా. కాయితం మీద ఉంది. ఆ, ఐదింటికే రా. నువ్వే చదువుదువుగాని."

అప్పటికి రెండున్నర. పిట్ట మళ్ళీ కాజా పట్టుకుంది. సూది వేలికి గుచ్చుకుంటే వదిలేసింది. అన్న నడుం వాల్చాడు. జేబు ఆమెకి అందేంత దగ్గర్లోనే ఉంది. నిద్రపడితే తీసేసుకోవచ్చు. లేదంటే తనే చదివి, పేరు మార్చి, ఊళ్ళోనే లేని ఎవడి పేరో చెప్పేయొచ్చు. ఆలోచన తియ్యగానే ఉంది. కాని ఒక్కసారి మార్చి చదివితే, ఆ తర్వాత ఆరుగురిలో ఎవరేం చదివినా అది నిజమో కల్పనో ఎవరికి తెలుస్తుంది? అన్న నిద్రపోలేదు కూడా. అరచేయి జేబు మీద పెట్టుకుని, కాలు ఊపుతూనే ఉన్నాడు.

ఆమె చెప్పులేసుకుని బయటపడింది.

వంతెన గట్టు మీద దిగువ వీధి కుర్రాళ్ళు నలుగురు కూర్చున్నారు. "ఒరేయ్, కాయితం బ్యాచ్ వస్తోంది. నోళ్ళు జాగ్రత్త, రాసేసుకుంటుంది," అన్నాడొకడు.

"నీ మాటలకి కాయితం దండగ," అని ఆగకుండా నడిచింది పిట్ట. వెనకాల మిగిలిన ముగ్గురూ వాడినే చూసి నవ్వారు.

వెల్డింగు షెడ్డులో కిటికీ ఊచలు అతుకుతున్నాడు వెల్డరు. పిట్ట నిప్పురవ్వల వైపు చూడకుండా గోడవైపు తిరిగి నిలబడింది. చప్పుడు ఆగింది. వెల్డరు మొహం మీద అడ్డు తీసి, ఆమెను గుర్తుపట్టగానే మొదటిమాటగా, "మీ అన్నకెలా ఉంది?" అన్నాడు. ఇరవై ఏళ్ళుంటాయి. బుగ్గల మీద మసి.

జరిగింది చెప్పింది. అతను అక్కడే ఇనప చట్రం మీద కూలబడ్డాడు.

"మీ ఇంట్లో పెట్టారా? ఆ కాయితం? మీ అన్న ఉన్న ఇంట్లో? మీకసలు బుర్రుందా పిట్టా?"

"లేదు. ఆరోజు నా వంతు. అదే గొప్ప న్యాయమనుకున్నాం."

"చింపెయ్."

"అన్న జేబులో ఉంది."

"అయితే వేరేలా చదువు. నీకు నోరుంది కదా. నేను రాయి విసిరింది గాల్లోకని చదువు. అసలు విసరలేదని చదువు."

"అలా చదివితే రేపు నీకు ఎవరి కాయితమైనా చదివి వినిపిస్తే నమ్ముతావా?"

వెల్డరు చేతితొడుగులు తీసి మళ్ళీ వేసుకున్నాడు. మళ్ళీ తీశాడు. షెడ్డు మేస్త్రి దూరం నుంచి, "ఏమయ్యా, ఆ కిటికీ పెళ్ళికి ఇవ్వాలా, తద్దినానికా?" అని అరిచాడు. "వస్తున్నా మేస్త్రీ!" అని, గొంతు తగ్గించి, "బుల్లెట్టు చదివితే నన్ను చంపుతాడు," అన్నాడు.

"అందుకే వచ్చాను. బుల్లెట్టు రాకముందే మా అన్నకి నేను చదువుతా. అన్నకి మాత్రమే. నువ్వు సరేనంటేనే. వద్దంటే చదవను. ఐదింటికి ఏమవుతుందో నాకు తెలీదు. చదివినా ఏమవుతుందో తెలీదు."

"బాగుంది. ఎటు తిరిగినా గోడే."

"అవును."

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి అతనికి నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది. "చదువు. పేరుతో సహా చదువు. నన్ను మాత్రం రమ్మనకు." లేచి మొహానికి అడ్డు పెట్టుకున్నాడు. "నేనిక్కడే ఉంటా. ఎక్కడికి పోతాను!"

ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది. అన్న మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"అడిగొచ్చాను," అంది పిట్ట ఆయాసంతో. "చదవమన్నాడు. బుల్లెట్టు కాదు, నేనే చదువుతా. మధ్యలో ఆపకూడదు. నీ కంటి గురించి మొదట వినాల్సింది నువ్వు. వీధి కాదు."

అన్న జేబులోంచి కాయితం తీసి మంచం మీద పడేశాడు. అమ్మ గరిటె పట్టుకునే వచ్చి తలుపు పక్కన నిలబడింది. పిట్ట వెల్డరు పేరుతో మొదలుపెట్టి చదివింది.

"'రాయి విసిరింది నేనే. కటింగు మాస్టారి అబ్బాయిని చూసే విసిరాను. ఎవరికో విసిరితే ఆయనకి తగిలిందని చెప్పను. మా తమ్ముడు గొడవలో లేడు. ట్యూషన్ నుంచి వస్తున్నాడు. వాడికి పద్నాలుగేళ్ళు. ఆయన వాడిని వంతెన గట్టుకి అదిమి పట్టుకుని, ఇనప స్కేలు పైకెత్తాడు. వాడి తల మీదకి. నేను అవతల ఉన్నాను. చేతికి రాయి దొరికింది. భుజానికి తగలాలనుకున్నాను. కంటికి తగిలింది. మా పనిలో కంట్లో రవ్వ పడితేనే రాత్రంతా ఏడుస్తాం. ఆయన మొహం పట్టుకుని కూర్చున్నప్పట్నుంచీ నేను నిద్రపోలేదు. ఆయన కుట్టుపని చేస్తాడని నాకు తెలుసు.' ఇంతే."

మిషను ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. నాన్న మధ్యగుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అబద్ధం," అంది అమ్మ. "నువ్వు ఊరికే నిలబడి ఉంటే తగిలిందన్నావు కదరా. వాడు కల్పించి చెప్తున్నాడు. కదరా?"

అన్న చెంప మీది నీళ్ళు తుడుచుకున్నాడు.

"చెప్పరా, కదూ?"

"కొట్టలేదమ్మా. ఎత్తానంతే."

"నా స్కేలేనా?" అని అడిగాడు నాన్న. జవాబు కోసం చూడకుండా వెనక్కి తిరిగి, బల్ల అంచు పట్టుకుని అటువైపు మొహం పెట్టుకున్నాడు.

అన్న లేచాడు. గోడదాకా నడిచాడు. మళ్ళీ వచ్చాడు. "ఇప్పుడు నన్నేం చేయమంటావే? పాపం అబ్బాయి నిద్రపోలేదట, పోనీలే అనమంటావా? నా కన్ను వస్తుందా?"

"నేనేమీ అనమనను. విన్నావా లేదా, అంతే అడుగుతాం."

"విన్నాను."

"నీది రాయనా?"

"రాయి. 'నేను వాడిని క్షమించను' అని రాయి."

ఆమె కాజాల లెక్క రాసే పుస్తకంలోంచి కాయితం చించి, మంచం అంచున పెట్టుకుని రాసింది. చదివి వినిపించింది. "ఇదేనా నువ్వన్నది?"

"అదే."

"ఇంకేమైనా ఉందా?"

అన్న కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. "పిల్లాడని చూశాను," అన్నాడు చివరికి. "చూసే ఎత్తాను. అది కూడా రాయి."

ఆ మాట రాస్తుండగానే వీధిలో బండి చప్పుడు వినిపించింది. అది బుల్లెట్టు బండి అని గోడలకి కూడా తెలుసు. చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు బుల్లెట్టు. బయట ఇంకో ముగ్గురున్నారు. ఒకడి చేతిలో క్రికెట్ బ్యాటు ఉంది. ఆ చుట్టుపక్కల ఆడే స్థలమేదీ లేదు.

"ఏరా ఒంటికన్ను దొరా, ఏదీ కాయితం?"

పిట్ట రెండు కాయితాలూ గుప్పిట్లో నలిపి పట్టుకుంది. అన్న కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

"చదివించుకున్నానురా."

"మరింకే. పేరు చెప్పు."

పిట్టకి వెల్డరు తీసి వేసుకున్న చేతితొడుగులు గుర్తొచ్చాయి. చదవకుండా ఉండాల్సిందేమో. మాట ఇప్పుడు తన చేతుల్లో లేదు, అన్న నోట్లో ఉంది.

"చెప్పను," అన్నాడు అన్న.

"ఏంటీ?"

"చెప్పనురా."

బుల్లెట్టు నవ్వబోయి ఆగాడు. "ఎవరి కోసంరా ఇదంతా? నీ కన్ను కోసం కదా మేం పనులు మానుకుని తిరుగుతోంది."

"నా కన్ను నాది. నేను చూసుకుంటాను."

"ఉన్న ఒక్కదాంతోనా?" బుల్లెట్టు పిట్టవైపు తిరిగాడు. "చెల్లెమ్మా, నువ్వు చెప్పు. నువ్వే కదా రాసింది."

"నేనూ చెప్పను అన్నయ్యా."

"సరే. ఇంటిల్లిపాదికీ ఒకేసారి పట్టింది రోగం. పేరు లేకపోతే పేరు లేకుండానే తంతాం. వంతెన మీద నలుగురు కూర్చునున్నారు. వాళ్ళు చాలు." విసురుగా వెళ్ళిపోయాడు. బండి ఎక్కలేదు. నలుగురూ నడిచే బయల్దేరారు.

పిట్ట ఫోన్ తీసి బ్యాచ్ వాళ్ళకి కలిపింది. పాలబూతులో పనిచేసే స్నేహితురాలు, "గంట దాకా కౌంటరు వదల్లేనే, చచ్చిపోతా," అంది. దిగువ వీధివాళ్ళలో ఒకడు బయల్దేరానన్నాడు. ఇంకొకడి ఫోన్ మోగుతోంది గాని తీయలేదు. మంచం కింద ఒక చెప్పు దొరికింది. రెండోది కనిపించలేదు.

అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నువ్వెళ్ళావంటే నేను బతికి ఉన్నట్టు కాదు. ఆ బ్యాటు చూశావా? పిట్టంత దానివి, ఒక్క దెబ్బకి పోతావు."

"ఇద్దరం నిలబడతామమ్మా. మాకిది కొత్త కాదు."

"ఇద్దరేం ఆపుతారే వాళ్ళని?"

అది నిజమే. పిట్ట వంగి బల్ల కింద చూస్తూ, ఎవరివైపూ తిరగకుండా అంది. "ఆపలేం. మమ్మల్ని పక్కకి నెట్టేసి వెళ్తారు. వాళ్ళు కొట్టబోయేది అన్న పేరు చెప్పి. అన్న ఎదురుగా నిలబడి ఉంటే ఇంకెవరి పేరు చెప్తారు?"

నాన్న కుర్చీ జరిపిన చప్పుడైంది. పిట్టకి రెండో చెప్పు దొరికింది. అన్న బల్ల మీది దూది తీసుకుని, తనంతట తనే కంటి మీద పెట్టుకుని, పట్టీ అంటించుకున్నాడు. వంకరగా అంటింది. సరిచేయబోయిన అమ్మ చేతిని మెల్లగా పక్కకి తప్పించాడు.

"దుమ్ములోకి వెళ్ళకూడదన్నాడురా డాక్టరు," అంది అమ్మ. "ఎక్కడికిరా?"

అన్న ఉత్త చేతులతో గడప దాటి, వంతెన వైపు తిరిగాడు.